గడిలో పడాల్సిన అక్షరం: సికింద్రాబాదు రైలు టికెట్టు అచ్చు చరిత్ర

రైలు టికెట్టు మీద రెండు అచ్చులు ఉంటాయి. మొదటిది ప్రెస్సులో ముందే పడేది: రైల్వే చిహ్నం, వరస సంఖ్య, లేతరంగు నేపథ్యం, నిబంధనలు. రెండోది కౌంటరులో అప్పటికప్పుడు పడేది: తేదీ, రైలు నంబరు, బోగీ, బెర్తు, చార్జీ. ఈ రెండింటినీ వేసే యంత్రాలు వేరు, మనుషులు వేరు. మధ్యలో నెలల ఎడం కూడా ఉండవచ్చు. అయినా చార్జీ వచ్చి వరస సంఖ్య మీద పడకూడదు, బెర్తు నంబరు చింపే గీత అవతలికి పోకూడదు. లేబుళ్లు, చెక్కులు, బిల్లులు, మార్కుల జాబితాలు, ఏవైనా సరే, ముందే అచ్చయిన కాగితం మీద మళ్లీ అచ్చు వేసే ప్రతి పనిలోనూ ఉన్న చిక్కు ఇదే. దీన్ని సికింద్రాబాదులో చూస్తే మొదటినుంచి చివరిదాకా కనిపిస్తుంది. టికెట్టు కాగితం తయారుచేసే రైల్వే ప్రెస్సు, ఆ కాగితాన్ని నింపే కంప్యూటరు కేంద్రం రెండూ ఉండిన కొద్ది ఊళ్లలో సికింద్రాబాదు ఒకటి.

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. ఆ లైను 1889లో బెజవాడ దాకా సాగింది. నిజాం హామీతో నడిచిన రైల్వే కంపెనీని 1930లో నిజాం ప్రభుత్వమే తీసుకుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దాని కేంద్రం అయింది. ఇన్ని చేతులు మారినా, దాదాపు ఆ కాలమంతా టికెట్టు మాత్రం ఒకే కొలతలో ఉండిపోయింది. రెండుంపావు అంగుళాల పొడవు, అంగుళం చిల్లర వెడల్పు ఉన్న చిన్న అట్టముక్క అది.

ఆ కొలత ఇంగ్లండు నుంచి వచ్చింది. లాంకాస్టరులో చెక్క సామాను పని నేర్చుకున్న థామస్ ఎడ్మండ్‌సన్ 1836లో న్యూకాజిల్-కార్లైల్ రైల్వేలోని మిల్టన్ అనే చిన్న స్టేషనుకు మాస్టరుగా చేరాడు. అంతవరకూ ఒక్కొక్క ప్రయాణికుడికి చేత్తో కాగితం రాసి ఇచ్చేవారు. ఎడ్మండ్‌సన్ ముందే ఊరి పేరు, తరగతి, చార్జీ అచ్చు వేసిన అట్టలకు వరస సంఖ్యలు వేసి, అమ్మేటప్పుడు తేదీ మాత్రం నొక్కే యంత్రం ఒకటి చేశాడు. ఆ పద్ధతి వాడుకున్న రైల్వేల నుంచి ఏడాదికి మైలుకు పది షిల్లింగుల చొప్పున రాయల్టీ తీసుకున్నాడు. సంఖ్యలు 0000తో మొదలై 9999తో ముగిసేవి. సున్నాతో మొదలుపెట్టడంలో మంచి లెక్క ఉంది: టికెట్లు పేర్చి ఉంచే గొట్టం అడుగున మిగిలిన టికెట్టు సంఖ్య ఎంతో, ఆ కట్టలో అంతవరకు అమ్ముడుపోయినవి అన్నే. బుకింగ్ క్లర్కు డ్యూటీ దిగేటప్పుడు చూసుకోవాల్సింది ఆ ఒక్క అంకెనే.

సరిగ్గా చూస్తే రెండు అచ్చులను కలపడమనే సమస్యకు ఎడ్మండ్‌సన్ చేసినంత చక్కని పరిష్కారం ఆ తర్వాత చాలాకాలం రాలేదు. తేదీ మిషన్ గాడి సరిగ్గా అట్ట వెడల్పే ఉంటుంది. టికెట్టు అంచును అందులోకి తోస్తే లోపలి అడ్డుకు తగిలి ఆగుతుంది. తేదీ పడేది ఎప్పుడూ ఆ అంచునే. గుమాస్తా చూపు కానీ చేతి నేర్పు కానీ ఇక్కడ అక్కర్లేదు. కొలత మనిషి దగ్గర కాక అట్ట దగ్గరే ఉంది. పైగా రెండో అచ్చు అంటే తేదీ ఒక్కటే. ఊరు, చార్జీ, తరగతి అన్నీ మొదటి అచ్చులోనే వచ్చేశాయి. కౌంటరులో పడాల్సినది తగ్గేకొద్దీ తప్పు పడే చోటు కూడా తగ్గుతుంది.

దీనికి చెల్లించిన మూల్యం ప్రెస్సులో కనిపించేది. ప్రతి గమ్యానికీ, ప్రతి తరగతికీ, రాను-పోను ప్రయాణానికీ వేరే అట్ట కావాలి. చార్జీలు పెరిగినప్పుడల్లా కొత్తవి అచ్చు వేయాలి. స్వాతంత్ర్యం తర్వాత వాటి మీద హిందీ, ఇంగ్లీషు, ప్రాంతీయ భాష మూడూ రావాలి. అంటే అంగుళం చిల్లర వెడల్పున్న అట్ట మీద మూడు లిపుల టైపు పేర్చాలి. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో కూర్చుంటాయి. తెలుగుకు పైన గుడి, కింద వత్తు ఉన్నాయి. వరంగల్ అన్నప్పుడు తెలుగు వరస తేలిగ్గానే సరిపోతుంది, కానీ ఖమ్మం అనగానే మకారం కింద వత్తు దిగి కింది వరసను నెడుతుంది. లెటర్‌ప్రెస్ పనివాళ్లు దీన్ని సీసపు పలకలతో సరిచేసేవారు. వరసల మధ్య పెట్టే ఆ పలకల మందాన్ని పాయింట్లలో లెక్కించేవారు. పన్నెండు పాయింట్లు ఒక పైకా. పైకా అంటే దాదాపు అంగుళంలో ఆరో వంతు. ఈ ఆరో వంతు తర్వాత కంప్యూటరు కాలంలోనూ మళ్లీ తగులుతుంది.

రిజర్వేషను ప్రయాణాలకు అట్ట సరిపోయేది కాదు. బోగీ, బెర్తు ముందే అచ్చు వేయలేరు కదా. అవి రిజిస్టరులో చూసి టికెట్టు వెనక సిరాతో రాసేవారు. ముందే అచ్చు వేసిన అట్ట లేని గమ్యాలకు ఖాళీ కాగితపు టికెట్టు మీద అన్నీ చేత్తోనే నింపేవారు. రాసేది మనిషి కనుక అక్షరం గడిలో పడిందా లేదా అన్న ప్రశ్నే ఉండేది కాదు. చోటు తక్కువైతే చెయ్యి అక్షరాలను ఇరికించి రాస్తుంది, గీత అడ్డొస్తే పక్కకు జరుగుతుంది. యంత్రానికి అలా సర్దుకోవడం తెలియదు.

రిజర్వేషనుకు యంత్రం వచ్చిన కథలో సికింద్రాబాదు పేరు రెండుసార్లు వస్తుంది. 1975లో కేంద్ర ప్రభుత్వ సంస్థగా పుట్టిన సీఎంసీ, 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక ఆ కంప్యూటర్ల మరమ్మతు బాధ్యత తీసుకుంది. దాని పరిశోధన-అభివృద్ధి కేంద్రం సికింద్రాబాదులో సరోజినీదేవి రోడ్డున ఉండేది. రైల్వే కోసం ఆ సంస్థ తయారుచేసిన ఇంప్రెస్ అనే రిజర్వేషను వ్యవస్థ 1985 నవంబరులో న్యూఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసులకు, 1989లో సికింద్రాబాదుకు చేరింది. ఈ అయిదు కేంద్రాలూ మొదట దేనికది విడివిడిగా పనిచేశాయి. వాటిని కలపడానికి రైల్వేకు చెందిన క్రిస్ సంస్థ రాసిన కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేరును అన్నిటికంటే ముందు 1994 సెప్టెంబరులో సికింద్రాబాదులోనే అమలు చేశారు. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాల అనుసంధానం పూర్తయింది. అప్పటినుంచి దేశంలో ఏ కౌంటరులోనైనా ఎక్కడి నుంచి ఎక్కడికైనా టికెట్టు తీసుకోవచ్చు. ఇప్పటికీ 1తో మొదలయ్యే పీఎన్‌ఆర్ నంబరు సికింద్రాబాదు కేంద్రానిదే.

దీనితో రెండు అచ్చుల మధ్య బరువు ఒక్కసారిగా తలకిందులైంది. ఎడ్మండ్‌సన్ అట్ట మీద కౌంటరులో పడేది తేదీ ఒక్కటే. ఇప్పుడు ప్రెస్సులో పడేది చిహ్నం, సంఖ్య, నేపథ్యం వంటివి మాత్రమే. ప్రయాణికుడికి అవసరమైనదంతా కౌంటరులోని ప్రింటరే వేయాలి. వేసేది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. కాగితం విడి ముక్కలుగా కాక మడతలు మడతలుగా పొడవాటి పట్టీలా వస్తుంది. రెండు అంచుల వెంట వరసగా రంధ్రాలు ఉంటాయి. ప్రింటరు పక్కనున్న పళ్ల చక్రాలు ఆ రంధ్రాల్లో దిగి కాగితాన్ని లాగుతాయి. టికెట్టుకూ టికెట్టుకూ మధ్య చింపడానికి చుక్కల గీత ఉంటుంది.

ఈ పద్ధతికి ప్రాణం ఆ రంధ్రాలే. ఒక రంధ్రం నడుమ నుంచి మరో రంధ్రం నడుమకు సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ప్రింటరు మామూలుగా అంగుళానికి ఆరు వరసలు వేస్తుంది. పైకా కొలతే ఇక్కడ మరో రూపంలో వచ్చింది. కనుక రంధ్రానికీ రంధ్రానికీ మధ్య మూడు వరసలు. టికెట్టు ఎత్తు అర అంగుళాల లెక్కలో తెగితే ప్రతి టికెట్టు మొదటి వరసా ఒకే చోట మొదలవుతుంది. నాలుగు అంగుళాల టికెట్టు అనుకుంటే అందులో ఇరవై నాలుగు వరసలు పడతాయి. ప్రోగ్రాము పొరపాటున ఇరవై అయిదు వరసలు పంపితే మొదటి టికెట్టులో తేడా ఎవరికీ కనబడదు. కానీ టికెట్టుకు 4.2 మిల్లీమీటర్ల చొప్పున అచ్చు కిందికి జారుతుంది. ఆరు టికెట్లకు అంగుళం జారి అక్షరాలు చింపే గీత మీదికి వస్తాయి. తప్పు ప్రెస్సు వైపు ఉన్నా ఫలితం ఇదే. నాలుగు అంగుళాలంటే 101.6 మిల్లీమీటర్లు. రౌండు అంకె బాగుంటుందని ప్రెస్సులో వందకు గీత వేస్తే టికెట్టుకు 1.6 మిల్లీమీటర్లు తగ్గుతూ పది టికెట్లు తిరిగేసరికి 1.6 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఇలా కూడుతూ పోయే తప్పును ప్రింటరు దగ్గర ఏ మీట తిప్పినా సరిచేయలేరు. ప్రెస్సులో కానీ ప్రోగ్రాములో కానీ సరిచేయాలి.

కూడుతూ పోని తప్పు వేరే రకం. కాగితం ఎక్కించేటప్పుడు ఒక రంధ్రం అటోఇటో పడితే ఆ కట్టలోని టికెట్లన్నీ ఒకే మేరకు తప్పుతాయి. కుడి చక్రం ఎడమ చక్రం కంటే ఒక పన్ను ముందుంటే వరసలన్నీ ఏటవాలుగా వస్తాయి. చక్రాల మధ్య దూరం బిగువైతే కాగితం ఉబ్బుతుంది, వదులైతే అచ్చు ఎడమకో కుడికో జరుగుతుంది. వీటిని కౌంటరులోనే సరిచేయవచ్చు. కాగితం తలను గుర్తుకు ఆనించి, ప్రింటరును ఆపి మళ్లీ వేసి, అదే మొదటి వరస అని దానికి తెలియజెప్పి, ఒక టికెట్టు అచ్చు చూసుకోవాలి. అందువల్ల జారుడును చూసిన గుమాస్తా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: తేడా టికెట్టు టికెట్టుకూ పెరుగుతోందా, అన్నిటికీ ఒకేలా ఉందా? మొదటిదైతే కాగితంలోనో ప్రోగ్రాములోనో లోపం, రెండోదైతే ఎక్కించడంలో లోపం. ఆ రోజుల నాటి ఈ ప్రశ్న నేటికీ ఏ లేబుల్ ప్రింటరు దగ్గరైనా పనికొస్తుంది.

టికెట్టు పని మామూలు డాట్ మ్యాట్రిక్స్ పనికంటే కష్టం కావడానికి మరో కారణం ఉంది. అచ్చు వేసే తల ఒకచోట, కాగితం చింపే అంచు దానికి పైన ఇంకోచోట ఉంటాయి. కార్యాలయంలో వంద బిల్లులు వరసగా వేస్తే చివర్లో ఒక్కసారి చింపితే చాలు. కౌంటరులో మాత్రం ప్రతి టికెట్టునూ వెంటనే చింపి ఇవ్వాలి. అందుకని ప్రతిసారీ కాగితాన్ని పైకి తోసి, చింపాక మళ్లీ వెనక్కి లాగాలి. వెనక్కి లాగేటప్పుడు పళ్లకూ రంధ్రాలకూ మధ్య ఉన్న సన్నటి సందు బయటపడుతుంది. కాగితం మెత్తబడ్డా, రంధ్రం అంచు చిరిగినా ఆ సందు పెరుగుతుంది. వర్షాకాలపు చెమ్మలో అది మరీ ఎక్కువ. రోజంతా వందల టికెట్లు కొట్టే ప్రింటరులో ఈ అటుఇటు లాగుడే అచ్చు తప్పడానికి పెద్ద మూలం.

అచ్చు తప్పినప్పుడు పోయేది కాగితం ఒక్కటే కాదు. టికెట్టు కాగితం డబ్బు విలువ ఉన్న స్టేషనరీ. ప్రతి ముక్కకూ ప్రెస్సులో వేసిన సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య కంప్యూటరు లెక్కలో ఉన్న సంఖ్యతో కలవాలి. మధ్యలో ఒక టికెట్టు నలిగిపోయినా, ఖాళీగా బయటికి వచ్చినా అక్కడినుంచి కాగితం మీది సంఖ్యకూ కంప్యూటరు సంఖ్యకూ ఒకటి తేడా పడుతుంది. గుమాస్తా పాడైన ముక్కను పారేయకూడదు. అమ్మనిదిగా రాసి, జతచేసి, లెక్క అప్పగించాలి. ఎడ్మండ్‌సన్ గొట్టం అడుగున చూసిన అంకె చేసిన పనినే ఇక్కడ రెండు సంఖ్యల జోడీ చేస్తుంది. అచ్చు సరిగ్గా పడటం అందానికి సంబంధించిన విషయమని అనుకునేవారు ఈ లెక్కను మరిచిపోతారు. బెర్తు నంబరులో 3కూ 8కీ తేడా తెలియకపోతే అర్ధరాత్రి ఇద్దరు ప్రయాణికులు ఒకే బెర్తు ముందు నిలబడాల్సి వస్తుంది.

లిపి ఇక్కడా అడ్డొచ్చింది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులో ఇంగ్లీషు అక్షరాలు యంత్రంలోనే ఉంటాయి. కంప్యూటరు అక్షరానికి ఒక సంకేతం పంపితే చాలు. అంగుళానికి పది అక్షరాల చొప్పున ప్రతిదీ ఒకే వెడల్పులో పడుతుంది కనుక ఏ కంపెనీ ప్రింటరైనా ముప్పయ్యో అక్షరం మూడు అంగుళాల దగ్గరే ముగుస్తుంది. హిందీ, తెలుగు అక్షరాలకు ఆ సౌకర్యం లేదు. వాటిని బొమ్మల్లా చుక్క చుక్కగా పంపాలి. తొమ్మిది సూదుల ప్రింటరులో చుక్కల మధ్య దూరం అంగుళంలో 72వ వంతు, ఇరవై నాలుగు సూదులదాంట్లో 180వ వంతు. ఒకదాని కోసం కొలిచిన బొమ్మ రెండోదాని మీద ఎత్తు మారిపోతుంది. 1980ల చివర సీడాక్ సంస్థ తయారుచేసిన జిస్ట్ పరికరాలు, 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీ సంకేతాలు దేశభాషలను కంప్యూటరులోకి తెచ్చాయి. కానీ వత్తుల వల్ల తెలుగు వరసకు కావలసిన ఎత్తు ఆరో వంతు అంగుళంలో సుఖంగా ఇమడదు. ఖమ్మం మకారం లెటర్‌ప్రెస్ పనివాడిని పెట్టిన ఇబ్బందే ప్రోగ్రాము రాసేవారినీ పెట్టింది.

కాగితం మీద శీర్షికలు ప్రెస్సులో వేసి, విలువలు మాత్రం కౌంటరులో వేయించే ఫారాలు ఇటువంటి చిక్కులకు తేలిగ్గా దొరుకుతాయి. శీర్షికను, విలువను రెండింటినీ ప్రింటరు చేతే వేయిస్తే అవి ఒకదానికొకటి ఎన్నడూ తప్పవు. జరిగితే రెండూ కలిసే జరుగుతాయి. ప్రెస్సు వంతుకు చిహ్నం, సంఖ్య, నకిలీలను అడ్డుకునే నేపథ్యం వదిలేసి, అర్థం ఉన్న అక్షరాలన్నిటినీ ఒకే యంత్రానికి అప్పగించడం ఫారం గీసేవారు చేయగలిగిన మంచి పని. రిజర్వేషను లేని టికెట్లు కూడా క్రమంగా కౌంటరు ప్రింటరుకే వచ్చాయి: 2002 ఆగస్టు 15న ఢిల్లీ ప్రాంతంలో మొదలై దేశమంతా పాకిన అన్‌రిజర్వుడు టికెట్టు వ్యవస్థతో అట్టముక్కల వాడకం వేగంగా తగ్గింది.

బోగీలకు అంటించే రిజర్వేషను చార్టులదీ ఇదే కుటుంబం. వెడల్పాటి మడత కాగితం మీద పేర్లు వరసగా వచ్చేవి. ఒక బోగీ పేర్లు ఒక మడతలో ముగిసి, తర్వాతి బోగీ కొత్త మడతలో మొదలవ్వాలి. అక్కడ గడులు లేవు కానీ మడత గీత ఉంది. పేరు ఆ గీత మీద పడితే చింపినప్పుడు సగం పేరు ఒక బోగీకి, సగం మరో బోగీకి పోతుంది. 2018 మార్చి నుంచి సికింద్రాబాదు వంటి పెద్ద స్టేషన్లలో బోగీలకు చార్టులు అంటించడం ప్రయోగంగా ఆపారు. జిగురు డబ్బా పట్టుకుని ప్లాట్‌ఫారం పొడుగునా నడిచే మనిషి అలా కనుమరుగయ్యాడు.

రైల్వే కౌంటరు బయట లేబుళ్ల అచ్చు మరో దారిన నడిచింది. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటరు బజార్ల నుంచి లేజర్, ఇంక్‌జెట్ ప్రింటర్లు దుకాణాలకూ కార్యాలయాలకూ చేరాయి. వాటికి రంధ్రాల కాగితం లేదు. ఏ4 పుట మీద ముందే కోసి ఉన్న అంటుకునే లేబుళ్లు వాడతారు. బాగా వాడుకలో ఉన్న రకంలో పుటకు ఇరవై నాలుగు లేబుళ్లు, ఒక్కొక్కటి 70 మిల్లీమీటర్ల వెడల్పు, 37 మిల్లీమీటర్ల ఎత్తు. ఎనిమిది వరసలకు 296 మిల్లీమీటర్లు, పుట ఎత్తు 297. మిగిలింది ఒక్క మిల్లీమీటరు. ప్రింటరు పుట అంచున కొన్ని మిల్లీమీటర్లు అచ్చు వేయలేదు కనుక పుటకు సరిపడేలా కుదించమనే ఎంపికను కంప్యూటరు తనంతట తనే పెట్టుకుంటుంది. నూటికి తొంభై ఏడుకు కుదిస్తే మొదటి వరసకూ చివరి వరసకూ మధ్య దాదాపు ఎనిమిది మిల్లీమీటర్ల తేడా పేరుకుంటుంది. పై వరస బాగా ఉండి కింది వరస తప్పితే అది కుదింపు దోషం. అన్ని వరసలూ ఒకేలా తప్పితే కాగితం పట్టుకోవడంలో దోషం. డాట్ మ్యాట్రిక్స్ ముందు అడిగిన ప్రశ్నకే ఇవి రెండు కొత్త జవాబులు. అమెరికాలో వాడే లెటర్ పుట ఎత్తు 279 మిల్లీమీటర్లే. అక్కడ తయారైన సాఫ్ట్‌వేరు ఆ పుటనే ముందుగా ఎంచుకుని ఉండటం వల్ల కూడా భారతదేశంలో ఎన్నో లేబుల్ పుటలు పాడయ్యాయి.

పార్సిళ్లు, మందుల సీసాలు, గోదాముల అరల మీద ఇప్పుడు కనిపించేవి థర్మల్ లేబుళ్లు. ఇవి చుట్టలుగా వస్తాయి. లేబుల్‌కూ లేబుల్‌కూ మధ్య ఉన్న సందును, లేదా వెనకనున్న నల్లటి గీతను ప్రింటరులోని కన్ను పట్టుకుంటుంది. అంటే జారుడు కూడకుండా ప్రతి లేబుల్ దగ్గరా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఎడ్మండ్‌సన్ మిషన్‌లో అట్ట అంచు చేసిన పనిని ఇక్కడ కాంతి చేస్తుంది. కానీ చిక్కు మరోచోట తేలింది. అంగుళానికి 203 చుక్కలు వేసే ప్రింటరులో మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు. 50 మిల్లీమీటర్ల లేబుల్ అంటే 400 చుక్కలు. అదే ఆదేశాన్ని అంగుళానికి 300 చుక్కలు వేసే ప్రింటరుకు పంపితే ఆ 400 చుక్కలు 34 మిల్లీమీటర్లలోనే ముగిసిపోతాయి. లేబుల్‌లో మూడో వంతు ఖాళీగా మిగులుతుంది, బార్‌కోడు గీతలు సన్నబడి స్కానరుకు చదవడం కష్టమవుతుంది. కొలతను చుక్కల్లో కాక మిల్లీమీటర్లలో చెప్పి, చుక్కలుగా మార్చే పని ప్రింటరుకు వదిలితేనే ఒకే లేబుల్ రెండు యంత్రాల మీదా ఒకేలా వస్తుంది.

టికెట్టు విషయంలో ఈ కథ మలుపు తిరిగింది 2002 ఆగస్టులో. రైల్వేకు చెందిన ఐఆర్‌సీటీసీ అప్పుడు ఇంటర్నెట్టులో టికెట్ల అమ్మకం ప్రారంభించింది. మొదట టికెట్టు మామూలు స్టేషనరీ మీదే అచ్చయి ఇంటికి వచ్చేది. 2005 నుంచి ప్రయాణికుడే తెల్లకాగితం మీద అచ్చు వేసుకోవచ్చునన్నారు. ముందే పడిన అచ్చు ఏదీ లేదు కనుక కలపాల్సినదీ లేదు. ఇంట్లో ఉన్న ప్రింటరు ఏదైనా, పుట కొంచెం కుదించినా, అక్షరాలు అరంగుళం పక్కకు జరిగినా టికెట్టు చెల్లుతుంది. విలువ కాగితం నుంచి పీఎన్‌ఆర్ నంబరులోకి మారిపోయింది. 2012 నాటికి ఫోనులోని సందేశం చూపినా చాలన్నారు.

దీని ప్రభావం ప్రెస్సుల మీద పడింది. 2019లో రైల్వే శాఖ ప్రెస్సులను తగ్గిస్తూ అయిదింటినే ఉంచాలని నిర్ణయించింది: ముంబై బైకుల్లా, హౌరా, ఢిల్లీ శకూర్‌బస్తీ, చెన్నై రాయపురం, సికింద్రాబాదు. 2023లో ఆ అయిదింటినీ కూడా మూసేయాలని నిర్ణయం వెలువడింది. కౌంటర్లలో ఇంకా వాడుతున్న టికెట్టు కాగితాన్ని బయటి ముద్రాపకుల దగ్గర కొనాల్సి వస్తుంది. కాగితాన్ని కోసేవారు, దాన్ని నింపేవారు ఒకే సంస్థలో ఉన్నప్పుడు జారుడు ఎక్కడ మొదలైందో రెండు గదుల మధ్య తేల్చుకోగలిగేవారు. ఇప్పుడు రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం, టికెట్టు ఎత్తు, వరస సంఖ్య పడాల్సిన చోటు మిల్లీమీటర్లతో సహా టెండరు కాగితంలో రాయాలి.